అమ్మేటప్పుడు మీటరు, కొనేటప్పుడు మాట

పత్తి అమ్ముకోవడానికి వెళ్లిన మా ఊరి రైతును ముందుగా పలకరించేది తేమ మీటరు. సీసీఐ కొనుగోలు కేంద్రంలో అది 8 శాతం చూపిస్తే పూర్తి మద్దతు ధర. ఆపైన ప్రతి శాతానికీ కోత. 12 దాటితే బండి వెనక్కి తిప్పుకోవలసిందే. తెల్లవారుజామున క్యాను పట్టుకుని పాల కేంద్రానికి వెళ్లిన ఇల్లాలికి వెన్నశాతం చూడనిదే పుస్తకంలో రూపాయి రాయరు. పల్నాడులో కోటప్పకొండ చుట్టూ ఉన్న పల్లెల్లో ఇది ఎవరికీ వింత కాదు. మన సరుకును ఎదుటివాడు కొలుస్తాడు, కొలిచిందానికే డబ్బిస్తాడు. అది న్యాయమేనని మనమూ ఒప్పుకున్నాం.

ఇప్పుడు అదే రైతు డాబా మీదికి లక్షన్నర, రెండు లక్షల రూపాయల సరుకు ఎక్కుతోంది. నల్లగా మెరిసే సోలార్ ప్యానెళ్లు. 3 కిలోవాట్లు అని చెప్పి బిగించి, ఫొటో తీసుకుని, సంతకం పెట్టించుకుని వెళ్లిపోతారు. అది నిజంగా 3 కిలోవాట్లా కాదా అని కొలిచేవాడు ఒక్కడూ ఆ మెట్లెక్కడు.

ఎందుకని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది. నరసరావుపేట దుకాణాల్లో విన్నాను, సభల్లో విన్నాను, చదువుకున్న ఇంజినీర్ల నోటా విన్నాను. 'సోలార్‌కు పరీక్ష దేనికండీ? కదిలే భాగం లేదు, అరిగేది లేదు. ఫ్యాక్టరీలో పరీక్ష అయ్యే వచ్చింది. ప్రభుత్వ జాబితాలో పేరుంది. 25 ఏళ్ల వారంటీ ఉంది. ఫోనులో యాప్ ఉంది. ఇంకేం కావాలి?' దీనికి ఈ మధ్య ఇంకో మాట తోడైంది. సోలార్ పరీక్షా పరికరాల వ్యాపారం ఏటా పెరుగుతోంది కాబట్టి నాణ్యత సంగతి మార్కెట్టే చూసుకుంటుందట. ఈ మాటల్లో ఒక్కొక్కటీ విడిగా వింటే నిజంలాగే ఉంటుంది. అన్నీ కలిపి మన చేతికిచ్చే ధీమా మాత్రం అబద్ధం. ఇంత గట్టిగా అనడానికి నాకు కారణం ఉంది.

మా అన్నయ్య ఇల్లు కొండ కింద పల్లెలో. డాబా మీద నిలబడితే మూడు శిఖరాలూ కనిపిస్తాయి. రెండేళ్ల కిందట 540 వాట్ల ప్యానెళ్లు 6 పెట్టించాడు. మొత్తం 3,240 వాట్లు. పోయిన ఎండాకాలం బిల్లు పెరిగిందని పెట్టినవాళ్లకు ఫోను చేస్తే, 'ఎండాకాలం అంతే బాబాయ్, వేడికి తగ్గుతుంది' అన్నారు. అది పూర్తి అబద్ధమైతే పట్టుకోవడం తేలిక. సగం నిజం కాబట్టే అన్నయ్య మూడు నెలలు నమ్మాడు.

ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే స్నేహితుడొకడు ఒక ఆదివారం తన పరికరాల పెట్టె తెచ్చాడు. ప్యానెళ్లకు సమాంతరంగా ఎండను కొలిచే చిన్న సెన్సరు బిగించాడు. ప్యానెల్ వీపున వేడి కొలిచే తీగ అతికించాడు. వరుస చివర రెండు వైర్లకు ఇంకో యంత్రం తగిలించాడు. అది కొన్ని క్షణాల్లో వోల్టేజీని ఈ కొస నుంచి ఆ కొస దాకా మార్చుకుంటూ పోయి, ఒక్కో చోట ఎంత కరెంటు వస్తోందో గీత గీసి చూపిస్తుంది. బాగున్న ప్యానెళ్ల గీత డాబా అంచులా చదునుగా సాగి చివర్లో దిగిపోతుంది. మాకు వచ్చిన గీత మధ్యలో మెట్టు ఉంది.

లెక్క చూడండి. ఆ సమయానికి చదరపు మీటరుకు పడుతున్న ఎండ 870 వాట్లు. దాని ప్రకారం 2,820 రావాలి. ప్యానెల్ వేడి 63 డిగ్రీలు. 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకీ ఈ రకం ప్యానెల్ 0.35 శాతం కోల్పోతుంది కాబట్టి ఆ తగ్గింపు తీసేస్తే 2,440. పెట్టినవాళ్లు చెప్పిన వేడి సాకు ఇక్కడితో అయిపోయింది, దాని వాటా దానికి ఇచ్చేశాం. యంత్రం చూపించింది 2,000. దుమ్ము కడిగి మళ్లీ పెడితే 2,170. మిగిలిన 270 వాట్లకు వేడీ కారణం కాదు, దుమ్మూ కారణం కాదు. వేడిని చూపే కెమెరా పట్టుకుంటే రెండు ప్యానెళ్లలో కొన్ని గళ్లు నిప్పుకణికల్లా కనిపించాయి. పైన గాజు చెక్కు చెదరలేదు, లోపలి సెల్స్ చిట్లిపోయాయి. బిగించిన రోజు కూలీలు వాటి మీద కాళ్లు పెట్టి నడిచారని వదిన అప్పుడు చెప్పింది.

270 వాట్లంటే రావలసినదాంట్లో 11 శాతం. రోజుకు 12 యూనిట్లు రావలసిన ఇంట్లో ఒకటింబావు, ఒకటిన్నర యూనిట్ల మధ్య పోతున్నట్టు. ఏడాదికి 480 యూనిట్ల దాకా. పత్తిలో ఒక్క శాతం తేమ ఎక్కువైతే డబ్బు కోసే లోకంలో 11 శాతం కరెంటు పోయినా అడిగే దిక్కు లేదు.

ఫ్యాక్టరీ పరీక్ష అనే మాటకు ఇప్పుడు వస్తాను. ప్యానెల్ వెనక అతికించిన చీటీ మీద 540 అని ఉంటుంది. ఆ అంకె ఎక్కడ పుట్టిందో కొన్నవాళ్లలో నూటికి ఒకరికైనా చెప్పారా? చల్లని గదిలో, కృత్రిమ సూర్యుడి కింద పుట్టింది. ఫ్యాక్టరీ చివర్లో ప్రతి ప్యానెల్‌నూ ఒక యంత్రంలోకి తోస్తారు. లోపల జినాన్ దీపమో, ఎల్ఈడీల వరుసో క్షణకాలం మాత్రమే ఉండే మెరుపు మెరుస్తుంది. ఆ మెరుపు బలం చదరపు మీటరుకు 1000 వాట్లు, సెల్ వేడి 25 డిగ్రీలు. ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాణం అది. తయారీదారులు ఒకరితో ఒకరు పోల్చుకోవడానికి అది కావాలి, ఆ యంత్రం మీద నాకు గౌరవమే. కానీ మన జిల్లాలో రెంటచింతల ఉంది. రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ ఎండ ఎక్కడ కాసిందని పేపరు తిరగేస్తే తరచూ కనిపించే పేరు. అక్కడ గాలి 45 డిగ్రీలున్న మధ్యాహ్నం ప్యానెల్ 70 డిగ్రీలకు కాగుతుంది. ఏ లోపమూ లేని 540 వాట్ల ప్యానెల్ నిండు ఎండలోనూ అప్పుడు ఇచ్చేది సుమారు 455 వాట్లు. ఇంత తేడా సహజంగానే ఉన్నప్పుడు ఏది ఎండ దోషం, ఏది ప్యానెల్ దోషం అని విడదీయడానికి డాబా మీద కొలత తప్ప ఇంకో దారి ఉందా? పెట్టినవాడికి ఏ తగ్గుదలనైనా ఎండ ఖాతాలో వేసేసే వీలు చిక్కేది ఈ కొలత లేకపోవడం వల్లనే.

ప్రభుత్వ జాబితా సంగతీ ఇంతే. ఏఎల్ఎంఎం అని పిలిచే ఆమోదిత నమూనాల జాబితా 2021 మార్చిలో మొదట వచ్చింది, మధ్యలో ఏడాది ఆగి 2024 ఏప్రిల్ నుంచి మళ్లీ అమల్లో ఉంది. ఆ జాబితాలో చేరే ముందు ఐఈసీ 61215 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షలుంటాయి. 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1000 గంటలు ఉంచుతారు. మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా 200 సార్లు చల్లార్చి వేడిచేస్తారు. 25 మిల్లీమీటర్ల మంచు గుండుతో సెకనుకు 23 మీటర్ల వేగంతో కొడతారు. గట్టి పరీక్షలే, కాదనను. అయితే అవి ఆ నమూనాకు చెందిన కొన్ని ప్యానెళ్ల మీద జరిగాయి. మీ డాబా మీది ప్యానెల్ ఆ గదిలోకి వెళ్లలేదు. అది ఫ్యాక్టరీ గేటు దాటాక వందల కిలోమీటర్లు లారీలో కుదుపులు తింది, గోడౌన్‌లో ఒకదానిమీద ఒకటిగా పడి ఉంది, తాళ్లు కట్టి డాబా మీదికి లాగితే పిట్టగోడకు తగిలింది. విత్తన కంపెనీకి లైసెన్సు ఉందని మొలక చూడకుండా ఎకరమంతా నాటే రైతు పల్నాడులో ఉన్నాడా? నకిలీ విత్తనాల దెబ్బ తిన్న నేల ఇది.

ఈ మాట నా ఒక్కడి అనుభవం మీద నిలబెట్టడం లేదు. ఐఐటీ బొంబాయిలోని సౌర పరిశోధన కేంద్రం, గురుగ్రామ్ దగ్గరున్న జాతీయ సౌరశక్తి సంస్థ కలిసి 2013, 2014, 2016, 2018లో దేశమంతా తిరిగి, అప్పటికే బిగించి ఉన్న ప్యానెళ్లను ఉన్నచోటనే పరీక్షించాయి. వాళ్లకు తేలిన రెండు సంగతులు మనకు నేరుగా తగులుతాయి. వేడి ప్రాంతాల్లో ప్యానెళ్ల శక్తి చల్లని ప్రాంతాలకంటే త్వరగా తగ్గుతోంది. పెద్ద ప్లాంట్లలోకంటే డాబాల మీది చిన్న ఏర్పాట్లలో పరిస్థితి అధ్వాన్నంగా ఉంది. వేడి ప్రాంతం, చిన్న డాబా. రెండూ మన చిరునామాలే.

యాప్ చూసుకోమంటారు. యాప్ చెప్పేది ఎన్ని యూనిట్లు వచ్చాయో. ఎన్ని రావలసిందో దానికి తెలియదు, ఎందుకంటే ఆ రోజు మీ డాబా మీద ఎంత ఎండ పడిందో కొలిచే కన్ను దానికి లేదు. మబ్బు పట్టిందా, దుమ్ము పట్టిందా, ప్యానెల్ చిట్లిందా, యాప్‌కు మూడూ ఒకటే. వచ్చిన పాలు ఎన్ని లీటర్లో చెప్పి, మేత ఎంత వేశారో, గేదెకు జబ్బుందో లేదో చెప్పలేని లెక్క అది. దుమ్ము కూడా మనకు చిన్న విషయం కాదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, ఎండాకాలమంతా మిరప కళ్లాలు. సున్నపు పొడి మీద మంచు పడి ఆరితే ఉత్త నీళ్లకు వదలదు. కడిగితే ఎంత తిరిగి వచ్చిందో, కడిగినా రానిది ఎంతో చెప్పాలంటే మళ్లీ అదే సెన్సరు కావాలి.

కదిలే భాగం లేదు కాబట్టి చెడదు అన్నవాళ్లను శివరాత్రికి కొండకు రమ్మంటాను. ఊళ్లనుంచి దీపాలతో కట్టి తెచ్చే తొంభై అడుగుల ప్రభల మీద కదిలే భాగాలేమున్నాయి? బల్బులు, తీగలు, అంతే. సీరియల్ సెట్టులో ఒక్క బల్బు మాడితే వరుసంతా ఆరిపోతుందని ప్రభ కట్టే కుర్రవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊరు దాటకముందే వెలిగించి చూసి, ఆరిన వరుస పట్టుకుని, మాడిన బల్బు మార్చాకే బయల్దేరతారు. డాబా మీది ప్యానెళ్లూ అలాంటి వరుసే. ఒకదాని కరెంటు ఇంకోదాని గుండా పోవాలి. ఒక్కటి నీరసిస్తే వరుస మొత్తం దాని దగ్గర ఇరుక్కుంటుంది. అలా పూర్తిగా ఆగిపోకుండా ప్రతి ప్యానెల్‌లో మూడు డయోడ్లు పెడతారు, నీరసించిన గళ్లను దాటవేసి కరెంటును పక్కదారిన పంపడానికి. ఆ డయోడ్ల పుణ్యాన వెలుగు ఆరదు, కొంచెం తగ్గుతుంది. ప్రభ మీద ఆరిన వరుస ఊరందరికీ కనిపిస్తుంది. ఇక్కడ కనిపించకుండా తగ్గుతుంది కాబట్టి ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు.

ఇందులో ప్రాణాల సంగతి కూడా ఉంది. ప్యానెళ్ల నుంచి వచ్చేది డీసీ. మన ఇంటి ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాను తాకుతుంది కాబట్టి నిప్పురవ్వ ఆరే అవకాశం ఉంటుంది. డీసీ రవ్వ రాజుకుంటే మండుతూనే ఉంటుంది. వదులుగా ఉన్న కనెక్టరు, ఒరిపిడికి తొక్క లేచిన వైరు, పేరుకు పాతిన ఎర్తింగు. వీటిలో చివరి రెండిటినీ పట్టేవి మెగ్గరు, ఎర్త్ టెస్టరు. ఏ ఊరి కరెంటు పనివాడికైనా తెలిసిన పరికరాలే. బోరు మోటారు చుట్టించాక మెగ్గరు పెట్టి చూసే మనిషి సోలార్ వరుసకు ఎందుకు పెట్టడు? పెట్టమని అడిగినవాడు లేక.

మార్కెట్టే చూసుకుంటుంది అన్నవాళ్లతోనే నాకు అసలు పేచీ. పరీక్షా పరికరాల వ్యాపారం పెరుగుతున్న మాట నిజం. దేశంలో సౌర విద్యుత్ సామర్థ్యం 2025 జనవరిలో 100 గిగావాట్లు దాటింది. ఆమోదిత జాబితాలోని ప్యానెళ్ల తయారీ సామర్థ్యం అదే ఏడాది ఆగస్టుకు 100 గిగావాట్లకు చేరింది. ఇన్ని ఫ్యాక్టరీల్లో ప్రతి లైనుకూ కృత్రిమ సూర్యుడు కావాలి, సెల్స్‌లో చిట్లిన గీతల్ని పట్టే ఎలక్ట్రోల్యూమినిసెన్స్ కెమెరా కావాలి. ఒకప్పుడు స్విట్జర్లాండ్ పాసాన్, జర్మనీ బెర్గర్ వంటి పేర్లే వినిపించిన ఈ రంగంలో ఇప్పుడు చైనా యంత్రాలు దిగాయి. కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు లాంటి 1000 మెగావాట్ల చోట్ల ఎండను కొలిచే పైరనోమీటర్లు ఉండి తీరాలి, నెదర్లాండ్స్ కిప్ అండ్ జోనెన్ కంపెనీ వాటికి పేరుపొందింది. బ్యాంకులు అప్పిచ్చాయి, పెట్టుబడిదారులు డబ్బు పెట్టారు, కాబట్టి అక్కడ ప్రతి వరుసకూ లెక్క ఉంటుంది.

మరి ఆ యంత్రాలు కొన్నది ఎవరు? ఫ్యాక్టరీలో కొన్నవాడు అమ్మేవాడు. పార్కులో కొన్నవాడు వందల కోట్లు పెట్టినవాడు. మా అన్నయ్య తరఫున ఎవరూ ఒక్క యంత్రమూ కొనలేదు. వ్యాపారం ఇంకా పదింతలు పెరిగినా అది పెరిగేది ఆ రెండు చోట్లే, ఎందుకంటే డబ్బు ఉన్నది అక్కడే. పాల కేంద్రంలో వెన్న మిషను ఉందంటే అది కొనేవాడి అవసరానికి వచ్చింది. డాబా దగ్గర కొనేవాడు మనమైనప్పుడు మిషను ఎవరు తేవాలి?

అసలు ఈ పరీక్షలు పుట్టిందే కొనేవాడి చేతుల్లో. 1970ల మధ్యలో అమెరికాలో జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ప్రభుత్వం తరఫున ప్యానెళ్లను విడతలు విడతలుగా కొన్నది. వాటిని ఎండలో వానలో పెట్టి, ఏవి ఎలా పాడయ్యాయో రాసుకుని, తరవాతి విడతకు పరీక్షలు బిగించింది. అయిదు విడతలు అలా సాగాయి. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న 61215 ప్రమాణానికి ఒక మూలం ఆ కొనుగోళ్లలోనే ఉంది. 'ఇది పాడైంది, మళ్లీ ఇలాంటిది తెస్తే తీసుకోను' అని కొనేవాడు గట్టిగా అనగలిగాడు కాబట్టే ప్యానెల్ ఇంత నమ్మకమైన వస్తువైంది. ఆ అధికారాన్ని గ్రామీణ ఇళ్ల దాకా తీసుకురావడం మరిచిపోయి, అమ్మేవాడి పరీక్షనే మనకు చాలన్నారు.

ఖర్చు పెరుగుతుందని, జనం సోలార్‌కు జంకుతారని భయపెట్టేవాళ్లున్నారు. వాళ్లలో మంచివాళ్లూ ఉన్నారు కాబట్టి లెక్కతోనే జవాబు చెబుతాను. ఎండ సెన్సరుతో కలిపి చేతిలో పట్టే పరికరాల పెట్టెకు కొన్ని లక్షలవుతుంది. అయిదు లక్షలనుకుందాం. ఒక మనిషి రోజుకు అయిదు ఇళ్లు, ఏడాదికి 200 రోజులు తిరిగితే అయిదేళ్లలో 5,000 ఇళ్లు. ఇంటికి పడే పెట్టె ఖర్చు 100 రూపాయలు. మనిషి జీతం, పెట్రోలు, ఏటా చేయించే క్రమాంకనం అన్నీ కలిపినా కొన్ని వందలు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకానికి కేటాయించింది 75,021 కోట్లు. 3 కిలోవాట్ల ఇంటికి రాయితీ 78,000. అంత ప్రజల డబ్బు పెట్టిన వస్తువును కొలవడానికి కొన్ని వందలు బరువంటే నేను ఒప్పుకోను. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్లు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. ఉచితంగా వచ్చిందాన్ని బాగాలేదని అడగడానికి నోరు రాని ఇళ్లవి. ముందుగా పరీక్షించవలసింది ఆ డాబాలనే.

పైగా కొత్త చట్టమేమీ అక్కర్లేదు. సూర్యఘర్ పథకంలో పెట్టేవాడికీ ఇంటివాడికీ మధ్య రాసుకునే మాదిరి ఒప్పందం చదవండి. కరెంటు పంపిణీ చేసే డిస్కం ప్రారంభించే సమయానికి ప్లాంటు పనితీరు నిష్పత్తి 75 శాతం ఉండాలని అందులో ఉంది. పనితీరు నిష్పత్తి అంటే పడిన ఎండకు రావలసినదాంట్లో వచ్చింది ఎంత అని. పడిన ఎండను కొలవకుండా ఆ అంకె ఎలా వస్తుంది? ఒప్పందంలో ఉన్న మాటను కాగితం మీదే ఉంచి సంతకాలు పెట్టించడాన్ని నేను తప్పంటున్నాను. బిల్లు రాసే నెట్ మీటరునేమో లాబ్‌లో పరీక్షించి సీలు వేశాకే గోడకు బిగిస్తారు. ఆ శ్రద్ధలో సగం డాబా మీదికి ఎక్కితే చాలు.

మనిషి దొరకడనే మాట కూడా చెల్లదు. కొండకు వెళ్లే దారిలోనే ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. నరసరావుపేటలో జేఎన్‌టీయూ కాలేజీ ఉంది. ఐటీఐ చదివి మోటార్లు చుట్టుకుంటున్న కుర్రవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. మన డిస్కం సీపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసుకు ఒక పెట్టె, దాన్ని వాడటం వచ్చిన ఇద్దరు, ఇంటివాడి చేతికి ఆ గీత అచ్చు వేసిన ఒక కాగితం. బిగించిన రోజు ఒకటి, ఒప్పందంలోని అయిదేళ్ల ఉచిత నిర్వహణ ముగిసేలోపు ఇంకొకటి. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే వారంటీ అడగడానికి లాయరు అక్కర్లేదు.

అన్నయ్య సంగతి అలాగే అయింది. మూడు నెలలు ఫోను చేసినా రాని కుర్రవాడు గీత ఫొటో పంపిన నాలుగో రోజున వచ్చాడు. వాదించలేదు, రెండు ప్యానెళ్లూ మార్చాడు. మా స్నేహితుడు మళ్లీ పెట్టె తెచ్చి చూస్తే మెట్టు పోయింది. పాత ప్యానెళ్లను ఆటోలో ఎక్కిస్తుంటే ఎక్కడికని అడిగాను. గోడౌన్‌కు అన్నాడు. అక్కడి నుంచి ఎక్కడికని అడిగితే తనకు తెలియదన్నాడు. పైనుంచి చూస్తే రెండూ కొత్తవాటిలా మెరుస్తూనే ఉన్నాయి. వాటి సీరియల్ నంబర్లు నా దగ్గర రాసి ఉంచాను.